వియ్యపురాలికి పోయిన లింకు

పసుపు యార్డులో కొత్తగా చాట పట్టిన ఆడపిల్లలు నేను కనిపిస్తే చాలు, "అవ్వా, గా ఇయ్యపురాలి ముచ్చట చెప్పరాదు!" అని చుట్టూ కూర్చుంటారు. నేను మొదలు పెడతాను. పక్కన నా దోస్తు ఉంటే ప్రతిసారీ ఒక కొత్త అబద్ధం కలుపుతుంది. పోయిన నెల చెప్పినప్పుడు మేము ఎక్కిన ఆటో కాలువలో పడింది కూడా. ఇలాగైతే నిజం మిగలదని భయపడి ఈసారి రాసి పెడుతున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒక్కో వాక్యం రాసేసరికి చెయ్యి నొప్పి పుడుతుంది. అబద్ధాలు కలిపేంత ఓపిక నాకు లేదు, కాబట్టి నమ్మవచ్చు.

నిజామాబాద్ మార్కెట్ యార్డులో నేను ఇంచుమించు నా బతుకంతా పనిచేశాను. పోయిన సీజను అయ్యాక మోకాళ్ళు మొండికేస్తే మానేశాను. రైతులు తెచ్చిన పసుపును షెడ్డు కింద కుప్పలు పోస్తారు. మట్టి, చెత్త చెరిగి, కింద రాలిన కొమ్ములు ఊడ్చి, కాంటా దగ్గరికి గంపలతో మోయడం మా పని. మమ్మల్ని చాట గుంపు అంటారు. పది పన్నెండు మంది ఆడవాళ్ళం. ఒకరిద్దరు తప్ప అందరమూ మనవలను ఎత్తుకున్నవాళ్ళమే. ఎండాకాలం వచ్చేసరికి మా చీరలే కాదు, మా చెమట కూడా పచ్చగా ఉండేది. ఇంట్లో తెల్ల దుప్పటి పరుచుకునే భాగ్యం మాలో ఎవరికీ లేదు.

నా దోస్తు గురించి ముందే చెప్పాలి. మాకు పెళ్ళిళ్ళయిన కొత్తలో యార్డులోనే దోస్తు కట్టుకున్నాం. కొబ్బరికాయ కొట్టి, ఒకరికొకరం రవికె గుడ్డ పెట్టుకుని, బొట్టు పెట్టుకున్నాం. అలా కట్టుకున్నాక ఒకరినొకరం పేరు పెట్టి పిలవకూడదు. ఆమె నన్ను దోస్తు అంటుంది, నేను ఆమెను దోస్తు అంటాను. దోస్తు ఇచ్చింది వద్దనకూడదు, దోస్తు పిలిస్తే రాననకూడదు. ఆమె నవ్వితే షెడ్డు రేకుల మీది పావురాలు లేచిపోయేవి. ఒకసారి ఆమె నవ్వుకు బెదిరి కాంటా వేసే ఆయన తూకం తప్పాడు. మళ్ళీ వేయమని రైతు గొడవ పెట్టుకున్నాడు.

ఇక ఆట సంగతి. మా యార్డులో ఇప్పుడు పసుపు కొనడం కూడా ఫోన్లలోనే జరుగుతుంది. సేట్లు కుప్పల మధ్య తిరిగి, కొమ్ము విరిచి చూసి, ఫోనులో ధర కొడతారు. దాన్ని మేము బోలి అంటాం. ఎక్కువ బోలి పెట్టినవాడిది మాల్. ఒక్క మాట లేదు, అరుపు లేదు, వేలితో నొక్కితే లారీడు పసుపు చేతులు మారిపోతుంది. అది రోజూ మా కళ్ళ ముందు జరిగేది. అందుకే, గుంపులో ఒకామె తన చెల్లెలు పంపిందని ఫోనులో కొత్త ఆట తెచ్చినప్పుడు, అందులో కూడా వేలితో నొక్కి డబ్బు పెట్టాలని చెప్పినప్పుడు, మాలో ఎవరికీ భయం వేయలేదు.

"గిది పత్తాలాట అసొంటిదేమో చూడే," అన్నాను నేను.

"పత్తాలేడున్నయ్?" అంది ఆట తెచ్చినామె. "నీ కండ్లు వోయినయా? గివి పండ్లు. ద్రాక్షపండ్లు, చెర్రీపండ్లు. మూడు ఒక్కతీరుగ ఆగితె పైసలొస్తయ్."

"మరి ఆగకుంటె?"

"ఆగకుంటె మల్ల బోలి పెట్టాలె. సేట్లు పెడ్తలేరా?"

నా దోస్తు తేల్చేసింది. "పత్తాలంటె మొగోళ్ళు మోరి మీద కూసోని ఆడేది. పోలీసులొస్తె లుంగీలు పట్టుకొని ఉరుకుడు. మనం ఉరుకుతున్నమా? మనది బోలి."

మాలో సగం మంది మొగుళ్ళు పత్తాలు, అంటే పేకాట, ఆడి అప్పులు ఇంటి మీదికి తెచ్చినవాళ్ళే. ఆ పాపిష్టి ఆట ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. అది మురుక్కాలువ దగ్గర ఉంటుంది, సారా వాసన వేస్తుంది, లుంగీ కట్టుకుంటుంది. ఇదేమో చెల్లెలు పంపింది, పండ్లలా ఉంది, గెలిస్తే నాణేలు గలగల రాలిన చప్పుడు, వెనకే సన్నాయి లాంటి పాట. జూదం అంటే ఇది కాదని మేమందరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నమ్మేశాం.

ఆ ఆట ఫోనులోని ఆటల కొట్లో దొరికేది కాదు. ఎవరో ఒకరు లింకు పంపాలి, దాన్ని నొక్కితేనే దిగుతుంది. పంపినవాళ్ళకు కొంత కలుస్తుంది. మాకు మాత్రం అది కలిసే పైసల సంగతిలా అనిపించలేదు. ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలిచినట్టు అనిపించింది. మీ ఆడపడుచు బొట్టు పెట్టి పిలిస్తే పోకుండా ఉంటారా? పోయి వచ్చాక మీరు మరొకరిని పిలవకుండా ఉంటారా? అలా చెల్లె నుంచి అక్కకు, అక్క నుంచి వదినకు, వదిన నుంచి దోస్తుకు ఆ లింకు మా గుంపంతా తిరిగింది. వద్దన్నవాళ్ళు లేరు. వద్దంటే ఆటను వద్దన్నట్టు కాదు, మనిషిని వద్దన్నట్టు.

నాకు నా దోస్తే పంపింది. నేనూ ఆడాను. అయితే నా చదువు నన్ను ముందుకు పోనివ్వలేదు. తెర మీద ఏ అక్షరం కనిపించినా పూర్తిగా చదవనిదే నా వేలు కదలదు. కొత్తగా చదువు వచ్చినవాళ్ళ జబ్బు అది. "ఇ-ప్పు-డే... ఆ-డం-డి..." అని కూడబలుక్కునేసరికి సమయం అయిపోయిందని పండ్లన్నీ మాయమయ్యేవి. మళ్ళీ వచ్చేవి. నేను మళ్ళీ మొదటి నుంచి చదివేదాన్ని. నా దోస్తు నెత్తి కొట్టుకునేది. "నువ్వు ఆట ఆడుతున్నవా, పరీచ్చ రాస్తున్నవా?" అనేది.

ఒకరోజు భోజనాల వేళ పోలీసుల తరఫున ఒక ఆఫీసరమ్మ వచ్చి షెడ్డులో మమ్మల్ని కూర్చోబెట్టింది. మంచి పిల్ల. ఓపికగా చెప్పింది. ఆన్‌లైన్ జూదం నిషేధమని, ముఖం తెలియనివాళ్ళు పంపే లింకులు ముట్టుకోవద్దని, వాటితో ఇళ్ళు కూలిపోతున్నాయని చెప్పింది. మేమంతా తలలూపాం. ఊరికే ఊపలేదు, మనస్ఫూర్తిగా ఊపాం.

"తెల్వనోళ్ళయి మేం ఎందుకు ముడ్తం బిడ్డా," అంది నా దోస్తు. "మావన్ని మనోళ్ళు పంపినయే."

ఆఫీసరమ్మ సంతోషించి, చప్పట్లు కొట్టించి వెళ్ళిపోయింది. ఆమె చెప్పిందాంట్లో తప్పు లేదు. మేము వినడంలో కూడా తప్పు లేదు. ఆమె జూదం అంది, మేము మోరి మీది లుంగీలు అనుకున్నాం. ఆమె తెలియనివాళ్ళు అంది, మేము ఢిల్లీ వాళ్ళు అనుకున్నాం. ఆమె బండి గేటు దాటకముందే నాలుగు ఫోన్లలో పండ్లు తిరగడం మొదలైంది.

మొదట్లో నా దోస్తు గెలిచింది. గెలిచిన రోజు గుంపుకంతా మిరపకాయ బజ్జీలు తెప్పించింది. హమాలీలకు కూడా పెట్టింది. "సేటమ్మా" అని పిలిస్తే "ఏం కావాలె, లారీ పంపుదునా?" అనేది. ఆ వారమంతా మేము నవ్విన నవ్వులకు పని ఎలా సాగిందో నాకిప్పటికీ తెలియదు. చెరుగుతూ కూడా పాట కట్టి పాడాం. మేస్త్రి వచ్చి, "ఏమైందమ్మా మీకు, పసుపుల గంజాయి కలిసిందా?" అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే ఆమె వియ్యపురాలు కొత్త బెల్లం పంపింది.

దోస్తు బిడ్డను బోధన్ అవతల, వర్ని తొవ్వలో కాలువ పక్కన ఒక ఊరికి ఇచ్చారు. అత్తగారింట్లో కొంచెం చెరకు, కొంచెం వరి ఉన్నాయి. ఆ అత్త గట్టి మనిషి. చెడ్డది కాదు, గట్టిది. పెళ్ళిలో పప్పులో ఉప్పు తక్కువైందని నాలుగేళ్ళుగా అంటూనే ఉంది. అనడం కూడా నా దోస్తుతో కాదు. కోడలు పప్పు వండినప్పుడల్లా, "ఉప్పెయ్యి బిడ్డా, మీ అమ్మోళ్ళ దగ్గర కరువుంటుండె, మా దగ్గర లేదు" అంటుంది. ఆ పిల్ల నవ్వుతూ చెప్పేది, ఈమె నవ్వుతూ వినేది. ఆ తర్వాత సాయంత్రం దాకా చాట గట్టిగా చెరిగేది.

అంతటి మనిషి బెల్లం పంపిందంటే బదులు ఏదో పోవాలి. చీర పెడదామంటే అంతకన్నా మంచిది ఆమె దగ్గర ఉంటుంది. మిఠాయి పంపుదామంటే బెల్లం ఇచ్చినామెకు చక్కెర ఇచ్చినట్టు ఉంటుంది. రెండు రోజులు ఆలోచించి, మూడోనాడు పొద్దున చాయ్ తాగుతూ, "దోస్తు, పంపిన!" అంది.

"ఏం పంపినవే?"

"లింకు. ఇయ్యపురాలికి. గెలుసుకుంటె పేరు జెప్పుకుంటది."

"మంచి పని చేసినవ్," అన్నాను నేను. ఈ మాట రాయకుండా దాటేయాలనుకున్నాను గాని, పక్కనే కూర్చుని ఆమె రాసిందల్లా చదివించుకుని వింటున్నది. రాయక తప్పలేదు.

చాయ్ గ్లాసు కింద పెట్టి ఆమె ఆట తెరిచింది. నొక్కింది. నొక్కింది. ముఖంలో నవ్వు ఒక పక్కనుంచి ఆరిపోవడం నేను చూశాను. బ్యాంకు నుంచి మెసేజీ వచ్చింది. నాకిచ్చి చదవమంది. నేను చదువుతున్నాను, ఒక్కో అంకె. ఆమె ఆగలేక, "ఉన్నదా, లేదా, గది చెప్పు" అంది.

"లేదు."

"ఏం లేదు?"

"ఏమీ లేదు. ఖాతాల సున్న ఉన్నది."

మా గుంపులో అప్పటిదాకా ఎంతమంది ఖాతాల్లో సున్నాలు వచ్చాయో ఆ నిమిషంలోనే తెలిసింది. ఒకరి తర్వాత ఒకరు "నాది గూడ," "నాది పోయి పది రోజులాయె," అన్నారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే, పంపిన మనిషిని తప్పు పట్టినట్టు అవుతుందని. నా దోస్తు ఏడుస్తుందేమోనని భుజం పట్టుకున్నాను. ఆమె ఏడవలేదు. కళ్ళు పెద్దవి చేసి, దిగ్గున లేచి నిలబడింది.

"దోస్తూ! ఇయ్యపురాలు!"

ఒక్కసారిగా నాకూ అర్థమైంది. నా దోస్తు పైసలు పోతే మళ్ళీ చెరిగి సంపాదించుకుంటుంది. వియ్యపురాలి పైసలు పోతే? ఉప్పు తక్కువైతే నాలుగేళ్ళు. ఇల్లు గుల్లయితే ఎన్నేళ్ళు? అనిపించుకునేది ఇక్కడ ఈమె కాదు, అక్కడ ఆ పిల్ల. "మీ అమ్మ నాకు జూదం పంపింది" అని పొయ్యి దగ్గర, బావి దగ్గర, బంధువుల ముందర.

"తీసేస్త, నేను పంపింది నేనే తీసేస్త," అంటూ ఆమె ఆ మెసేజీ మీద వేలు గట్టిగా అదిమింది. తెర మీద రెండు మాటలు వచ్చాయి. నేను చదవడం మొదలు పెట్టాను. "అం-ద-రి... కో-సం... తొ-ల..."

"అందరితోటి నాకేం పని!" అంది ఆమె. "కిందిదేంది?"

"నా... కో-సం... తొ-ల-గిం-చు."

"గదీ! నా కోసమే గదనే తీసేసేది!" అని నొక్కేసింది.

మెసేజీ మాయమైంది. మేమిద్దరం కౌగిలించుకున్నాం. అప్పుడు కాంటా దగ్గర రాసుకునే పిల్ల వచ్చి చూసి, నోరు మూసుకుని నవ్వింది. "పెద్దమ్మా, గట్ల నొక్కితె నీ ఫోన్లనే పోతది. ఆమె ఫోన్ల గట్లనే ఉంటది. ఆమె చూసిందో లేదో గూడ ఇగ నీకు తెల్వదు."

"మరి నా కోసం అన్నదేంది?"

"నీ కోసం అంటె... నీ మట్టుకు అని."

"సక్కగ గట్ల రాయొచ్చు గద! సావుకొచ్చినోళ్ళకు గింత తిరకాసు ఎందుకు?"

ఆమె అన్నదాంట్లో న్యాయం ఉందని నేను ఇప్పటికీ అంటాను. ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. "ఆడుతున్నది దోస్తు," అంది గుండెల మీద చెయ్యి పెట్టుకుని. "నేను ఆడెటప్పుడు గూడ ఫోనెత్తకపోతుంటి." బిడ్డకు ఫోన్ చేసి తీసేయమందామా అన్నాను. "బిడ్డకెట్ల చెప్పాలె? నీ తల్లి జూదమాడింది, మీ అత్తను గూడ రమ్మన్నదని చెప్పాన్నా?" అంది. జూదం అనే మాట ఆమె నోట వినడం నాకు అదే మొదలు.

మేస్త్రికి కడుపునొప్పి అని చెప్పాం. "ఇద్దరికా?" అన్నాడు. "దోస్తులం గద" అంది ఆమె.

అలా పసుపు బట్టలతోనే బోధన్ బస్సెక్కాం. ముఖాలు కూడా కడుక్కోలేదు. ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు కొడుతూ కండక్టరు మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఎవలి పెండ్లి అవ్వా, గింత నలుగు పెట్టుకొచ్చిండ్రు?"

"మా ఇద్దరిదే బిడ్డా," అంది నా దోస్తు. "పిలగాండ్లు దొరుకుతలేరు. బోధన్ల సూద్దామని పోతున్నం. నీకు తెల్సినోళ్ళెవలన్న ఉన్నరా?"

బస్సు బస్సంతా నవ్వింది. వెనక సీట్లోంచి ఎవరో ముసలాయన "నేనున్న" అన్నాడు. "నువ్వు వద్దు, నీకు మెట్లెక్కొస్తలేదు, ఇందాక చూసిన" అంది. ఇంటికి నిప్పంటుకున్నట్టు పోతున్నవాళ్ళం, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుతున్నాం. భయం ఎక్కువైతే మా ఇద్దరికీ నవ్వే వస్తుంది. ఎవరి చావుకు పోయినా మమ్మల్ని పక్కపక్కన కూర్చోనివ్వరు.

బోధన్ బస్టాండులో అరటిపండ్లు కొన్నాం. వియ్యపురాలింటికి వట్టి చేతులతో పోరాదు, ఇల్లు కూలుతున్నా సరే. ఆటోలో పథకం వేసుకున్నాం. కందకుర్తిలో గోదావరి స్నానానికి పోతూ దారిలో దిగామని ఆమె చెప్పాలి. టైమెంతయిందో చూస్తానని నేను వియ్యపురాలి ఫోన్ అడగాలి. మాటల్లో పెట్టి ఆ లింకు తీసేయాలి. చదవడానికి నాకు సమయం పడుతుంది కాబట్టి ఆమె పొలం సంగతులు పొడుగ్గా అడగాలి.

ఇల్లు చేరేసరికి వాకిట్లో దోస్తు బిడ్డ బట్టలు ఆరేస్తున్నది. మమ్మల్ని చూసి సంతోషంతో అరిచింది. తర్వాత మా బట్టలు చూసి, "ఏమైందే అమ్మా?" అంది.

"ఏంగాలె. మీ అత్తేది?"

అత్త లోపలి నుంచి చాలాసేపటికి వచ్చింది. ఎప్పుడూ ఇస్త్రీ నలగని మనిషి, ఆరోజు కుడి చెయ్యి మోచేతి దాకా జొన్నపిండితో ఉంది. ముఖం మీద చెమట. "రా వదినా, కూసో. ఏం గిట్లొచ్చిండ్రు, చెప్పకుంట?"

"కందకుర్తి పోతున్నం వదినా. తొవ్వల దిగినం."

"కందకుర్తి బోధన్‌కు గటు దిక్కున్నది. మీరు గిటొచ్చిండ్రేంది?"

నా దోస్తు నా వైపు చూసింది. నేను అరటిపండ్ల వైపు చూశాను. "గటు పోయేటోళ్ళు ముందుగాల గిటు వోతె పుణ్యమట వదినా" అంది ఆమె. ఎవరు చెప్పారో అడగలేదు వియ్యపురాలు. అది నాకు వింతగా అనిపించింది. ఆమె అడగకుండా వదిలే మనిషి కాదు. అసలు ఆమె చూపు మా మీద లేదు. వంటింటి గుమ్మం మీద ఉంది.

పిల్ల చాయ్ పెట్టడానికి వెనక కట్టెల పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నేను నా పని మొదలు పెట్టాను. "వదినా, టైమెంతైంది? నీ ఫోనియ్యి, చూస్త."

"గోడ మీద గడియారమున్నది."

"నాకు ముల్లు చూసుడు రాదు. అంకెలైతే వస్తయ్."

"ఫోన్ కరాబైంది," అంది ఆమె. "బోధన్‌కు పంపిన, బాగుచేయనీకె."

అప్పుడు వంటింట్లోంచి చప్పుడు వచ్చింది. మూత పెట్టిన డబ్బాలోంచి వచ్చినట్టు అణిగి, గలగలా నాణేలు రాలాయి. వెనకే సన్నాయి.

ముగ్గురం కదలలేదు. నాణేలు రాలుతూనే ఉన్నాయి. నా దోస్తు నోరు మెల్లగా తెరుచుకుంది.

"వదినా," అంది, "నీకు మూడు పండ్లు కలిసినయే!"

వియ్యపురాలు ఆమె ముఖంలోకి చూసింది. ఆమె గట్టి మనిషి అని చెప్పాను కదా, ముందు తేరుకున్నది ఆమే.

"ఆ సప్పుడు నీకెట్ల ఎరుక వదినా?"

నా దోస్తు నవ్వు అక్కడ మొదలైంది. పెరట్లో కోళ్ళు లేచాయి. వియ్యపురాలు ఆపుకోబోయింది, ఆపుకోలేకపోయింది, పిండి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేసరికి మూతి తెల్లగా అయింది. అది చూసి మేము ఇంకా నవ్వాం. ఆమె వంటింట్లోకి పోయి జొన్నపిండి డబ్బాలోంచి ఫోన్ తీసుకొచ్చి కొంగుతో తుడిచింది. రెండు నెలల నుంచి ఆడుతున్నదట. సొంత చెల్లెలే పంపిందట. బెల్లం అమ్మిన పైసలు చాలా వరకు అందులోనే కరిగిపోయాయట. కొడుకుకు తెలియదు, కోడలికి తెలియదు. మా అడుగుల చప్పుడు విని, తనంత తానే తిరిగేలా పెట్టిన ఆటను ఆపకుండానే పిండిలోకి తోసింది.

"నేను పంపింది గాదా?" అంది నా దోస్తు. "పొద్దున నేను పంపిన వదినా. గది తీసేద్దామనే వస్తిమి."

"నువ్వా? ఎన్నడు?" ఫోన్ తీసి చూసింది. "నువ్వు దినాం పంపే పువ్వులనుకొని తెరువనే లేదు. నీ పువ్వులు వారానికోసారి ఒక్కపారే చూస్త."

అంత గండం గడిచాక కూడా ఆ మాటకు నా దోస్తు ముఖం చిన్నబోయింది.

"మరి నువ్వు నాకెందుకు పంపకపోతివి?" అని అడిగింది. "మీ చెల్లె పంపితె తీసుకుంటివి. ఇంకెవలెవలికి పంపినవ్?"

"ఆడపడుచుకు పంపిన. పక్కింటామెకు పంపిన. మా తోటికోడలుకు పంపిన."

"నాకు?"

"నీకెట్ల పంపుత వదినా?" అంది వియ్యపురాలు. "కోడలి తల్లికి జూదం పంపితె నా ఇజ్జత్ ఉంటదా?"

ఇక్కడ మీకో మాట చెప్పాలి, చాట పట్టిన పిల్లలకు. నేను ఆ ఇంటి గచ్చు మీద కూర్చుని చాలా ఆలోచించాను. మా గుంపులో అందరికీ పంపిన వాళ్ళు ఉన్నారు, వియ్యపురాలికి పంపింది మాత్రం నా దోస్తు ఒక్కతే. మిగతా వాళ్ళెవరికీ ఆ ఆలోచన కూడా రాలేదు. ఆఫీసరమ్మ చెప్పకముందే మా అందరికీ ఎక్కడో తెలుసన్నమాట. మనవాళ్ళు పంపితే అది ఆట, మనవాళ్ళకు పంపితే మర్యాద. ఎవరి ముందు తల వంచకూడదో వాళ్ళ పేరు తలుచుకున్నప్పుడు మాత్రం దాని అసలు పేరు నోటికి వస్తుంది. మర్నాడు యార్డులో ఈ ముచ్చట చెప్పి, "మీ ఇయ్యపురాలికి పంపుతరా?" అని ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ తలలు దించుకున్నారు. ఆ వారంలోనే చాలామంది ఫోన్లలోంచి పండ్లు పోయాయి. ఒకామె మాత్రం, "నాకు లింకియ్యి, ఇప్పుడే మా ఇయ్యపురాలికి పంపుత, దాని కొంప మునుగని" అంది. ఆమె సంగతి వేరు. కాబట్టి నేను కనిపెట్టిన పరీక్ష అందరికీ పనికిరాదని ఒప్పుకుంటున్నాను.

మళ్ళీ ఆ ఇంట్లోకి వస్తాను. మేము నవ్వుతూ, ముక్కులు తుడుచుకుంటూ ఉండగా దోస్తు బిడ్డ చాయ్ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అత్త చేతిలో పిండి ఫోన్ ఉంది, దాని మీద ద్రాక్షపండ్లు తిరుగుతున్నాయి. తల్లి చేతిలో కూడా ఫోన్ ఉంది. పిల్ల పళ్ళెం కింద పెట్టింది.

"గిదేంది?" అంది. గొంతులో నవ్వు లేదు. "ఎవరు ఎవరికి పంపిండ్రు?"

నా దోస్తు ముఖం పసుపు కింద తెల్లబడింది. ముప్పై నలభై ఏళ్ళలో నేను ఆమెను అలా చూడలేదు. ఆ పిల్ల ముందు, ఈ ఇంట్లో, "నేను" అనే మాట ఆమెకు గొంతు దాటడం లేదు.

"నేనే పంపిన," అంది వియ్యపురాలు.

మేమిద్దరం ఆమె వైపు తిరిగాం. ఆమె మా వైపు చూడలేదు.

"మీ అమ్మకు నేనే పంపిన బిడ్డా. మంచిదనుకున్న. ఆమె నన్ను మందలియ్యనీకె అంత దూరం నుంచి పని ఇడిసిపెట్టి వచ్చింది." ఫోన్ కోడలి చేతిలో పెట్టింది. "తీసెయ్యి. నాకు తీసుడు రాదు. మీ ఆయనకు రాత్రి నేనే చెప్పుకుంట. మీ అమ్మ ఫోన్ల గూడ తీసెయ్యి."

పిల్ల రెండు ఫోన్లూ తీసుకుంది. రెండింట్లోనూ తీసేసి, రెండూ తన నడుములో దోపుకుని, చాయ్ చల్లారిందని మళ్ళీ వేడి చేయడానికి తీసుకుపోయింది. ఆరోజు మేము మూడుసార్లు చాయ్ తాగాం. పప్పుతో అన్నం తిన్నాం. పప్పులో ఉప్పు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

పొద్దు వాలుతుండగా పిల్ల మమ్మల్ని కాలువ గట్టు దాకా సాగనంపడానికి వచ్చింది. ఆటో కోసం నిలబడ్డప్పుడు తల్లి ఫోన్ తల్లికి ఇచ్చింది. ఇస్తూ, చెయ్యి వదలకుండా అడిగింది.

"అమ్మా, నిజం చెప్పు. అత్తనే నీకు పంపిందా?"

నా దోస్తు నావైపు చూసింది. నేను కాలువ నీళ్ళ వైపు చూశాను. నిజం చెబితే ఆమె బరువు దిగుతుంది, అక్కడ ఇంట్లో కూర్చున్నామె మాట పడిపోతుంది.

"మీ అత్త ఎన్నడన్న అబద్ధమాడిందా బిడ్డా?" అంది చివరికి.

పిల్ల తల్లి కొంగుకు అంటిన జొన్నపిండి దులిపింది. అప్పుడు నవ్వింది.

"మస్తు ఆడుతది. గని నీ కోసం ఆడుడు గిదే మొదలు."